రెన్వార్ చిత్రకారుడు, ఆయన వ్రాసిన భోజనశాల

ప్రతి సంవత్సరము మన పాఠశాల సంచికయందు ఒక ప్రసిద్ధ పురుషుని జీవితమును ప్రకటించుట ఆచారమై యున్నది. రాజులను గూర్చియు, వైద్యులను గూర్చియు, దూరదేశములకు వెడలి సేవ చేసిన దొరలను గూర్చియు విద్యార్థులు చాల చదివిరి. ఈ యేడు మేము ఒక దర్జీవాని కుమారుని చరిత్రమును వ్రాయబూనితిమి. అతడు రంగులతో గుడ్డమీద పటములు వ్రాసి బ్రదికినవాడు. పేరు పియేర్ ఆగస్ట్ రెన్వార్, దేశము ఫ్రాన్సు. అతడు వ్రాసిన వేలకొలది పటములలో, ఏటియొడ్డున ఒక హోటలులో భోజనము ముగించి ముచ్చటించుకొను జనుల పటము లోకమంతటను పేరు పొందినది. హోటలు బొమ్మలో అంత విశేషమేమని మన బాలురు అడుగవచ్చును. ఆ విశేషమును తెలుపుటకే ఈ వ్యాసము. గాని ముందుగా అతని బాల్యమును చెప్పవలెను.

రెన్వార్ 1841వ సంవత్సరము ఫిబ్రవరి 25వ తేదీన లిమోజ్ పట్టణమున జన్మించెను. ఆ పట్టణము పింగాణి సామానులకు పేరెన్నిక గన్నది. తండ్రి దర్జీ; తల్లియు కుట్టుపని చేయునది. కుమారునకు మూడేండ్ల వయస్సున ఆ కుటుంబము జీవనార్థమై పారిసు మహానగరమునకు తరలిపోయెను. అక్కడ బాలుడు దేవాలయపు గాయకబృందమున చేరి పాడుచుండెను. ఆ బృందమును నడుపుచుండినవాడు తరువాతికాలమున గొప్ప సంగీతకర్తగా ప్రఖ్యాతి నొందిన గూనో. బాలుని కంఠము మంచిదగుటచే గురువు అతనిని సంగీతములోనికి తీసికొనవలెనని తలచెనట. కాని ఇంటిలో డబ్బు లేదు. పదుమూడవ యేట చదువు మాన్పించి, తలిదండ్రులు అతనిని పింగాణి పాత్రలమీద పూవులు వ్రాయు కార్ఖానాలో పనినేర్చుకొనుటకు చేర్చిరి.

ఇక్కడ మేము కొంచెము నిలువవలసియున్నది. ఈ పని అతని జీవితమునకు పునాది యాయెను. తెల్లని పింగాణిమీద వ్రాసిన గీతను చెరుపుటకు వీలు లేదు. రంగు పలుచగా ఉండవలెను. క్రిందనున్న తెలుపు రంగుగుండా మెఱయవలెను. ముసలివాడైన పిదపగూడ అతని పటములలో ఈ మెఱుపు కానవచ్చును. చేతిపని నేర్పు అతనికి గర్వకారణమై యుండెను. తాను గొప్ప కళావంతుడనని చెప్పుకొనుటకంటె మంచి పనివాడనని అనిపించుకొనుటయే అతనికి ఇష్టము.

నాలుగేండ్లు గడవగానే యంత్రము వచ్చెను. ఒకే పూవును వేలకొలది పళ్లెములమీద అచ్చు వేయు పద్ధతి ప్రబలి, చేతితో వ్రాయువారికి పని పోయెను. వెంకటగిరి నేతగాండ్ర యిండ్లలో పుట్టినవారికి ఈ సంగతిని వివరించి చెప్పనక్కరలేదు. మరమగ్గము వచ్చినప్పుడు చేమగ్గము ఏమాయెనో వారి పెద్దలు చూచియే యున్నారు. పదునేడేండ్ల రెన్వార్ యంత్రమును తిట్టుచు కూర్చుండక విసనకఱ్ఱలమీద బొమ్మలు వ్రాసెను. కిటికీ తెరలు వ్రాసెను. అంతేకాదు, సముద్రములు దాటి పోవు మిషనరీలకొఱకు గుడ్డలమీద భక్తిచిత్రములను వ్రాసి యిచ్చెను. రంగుటద్దముల కిటికీలు లేని దూరదేశపు చిన్న గుడులలో ఆ గుడ్డలను వ్రేలాడగట్టుకొనువారట. ఏయే దేశముల గుడులలో అవి వెలుగును వడకట్టినవో గాని, ఆ కూలితోనే అతడు చిత్రకళాభ్యాసమునకు కావలసిన డబ్బు కూడబెట్టెను.

1860వ సంవత్సరమున లూవ్రు అను ప్రసిద్ధ చిత్రశాలయందు ప్రాచీనుల పటములను చూచి నకలు వ్రాసికొనుటకు అతనికి అనుమతి దొరకెను. తరువాత గ్లేర్ అను గురువు చిత్రశాలలో చేరెను. అక్కడ మోనే, సిస్లే, బజీల్ అను మువ్వురు యువకులు స్నేహితులైరి. ఈ నలుగురును రంగులపెట్టెలు భుజమున వేసికొని అడవులకును ఏటిగట్లకును పోయి, వెలుతురులో నిలిచి వ్రాయసాగిరి. అంతకుముందు చిత్రకారులు బయట చిత్తుగీతలు మాత్రము గీచికొని, ఇంటిలోపల కూర్చుండి పటమును పూర్తి చేయుచుండిరి. నూనెరంగులను పందిపిత్తుల సంచులలో దాచుకొను ఆ కాలమున వానిని మోసికొని తిరుగుట దుర్ఘటము. 1841వ సంవత్సరమున, అనగా రెన్వార్ పుట్టిన యేటనే, జాన్ రాండ్ అను అమెరికా చిత్రకారుడు నొక్కినకొలది రంగు వెలువడు తగరపు గొట్టమును కనిపెట్టెను. మనము నేడు పండ్లు తోముకొను మందు గొట్టము దాని తమ్ముడే. ఇంత చిన్న వస్తువు చిత్రకళను ఇల్లు వెడలించెను.

ఆ స్నేహితులది కటిక దారిద్ర్యము. బజీలు మాత్రము కలవారి బిడ్డ. 1869 వేసవియందు రెన్వారును మోనేయును సీన్ నది యొడ్డున గ్రెనూయేర్ అను స్నానఘట్టమును ప్రక్కప్రక్కనే నిలువబడి చిత్రించిరి. నీటిమీద తేలు చిన్న భోజనశాల యొకటి అక్కడ ఉండెను. ఆ దినములలో మోనే యింట పొయ్యి రాజుటయే కష్టము. రెన్వార్ తన తలిదండ్రుల బల్లమీది రొట్టెను మూటగట్టి తెచ్చి వారికి పెట్టుచుండెను. అన్నము లేనివారు అన్నశాలను అంత సంతోషముగా ఎట్లు వ్రాసిరా యని మాకు పలుమారు తోచినది. ఆ పటములలో ఆకలి జాడ యెక్కడను లేదు.

1870లో ఫ్రాన్సునకును జర్మనులకును యుద్ధము వచ్చెను. రెన్వారును గుఱ్ఱపుదళమునకు పంపిరి. అతడు యుద్ధరంగమును చేరకముందే గ్రహణి వ్యాధిచే మంచమెక్కెను. బజీలు ఇరువదియెనిమిదేండ్ల వయస్సున రణమున కూలెను. మఱుసటి యేడు పారిసున ప్రజల తిరుగుబాటు చెలరేగియున్నప్పుడు, నది యొడ్డున పటము వ్రాసికొనుచున్న రెన్వారును వేగులవాడని భ్రమించి కొందఱు పట్టుకొనిరట. తాను మున్నొకప్పుడు కాపాడిన మనుష్యుడు ఆ తిరుగుబాటుదారులలో అధికారియై యుండి గుర్తుపట్టుటచే ప్రాణము దక్కెనని చెప్పుదురు.

ఆ కాలమున పారిసులో సర్కారువారి వార్షిక చిత్రప్రదర్శనమొకటి ఉండెను. అందు చోటు దొరకినవానికే అన్నము దొరకును. ఈ మిత్రుల పటములను ఆ న్యాయనిర్ణేతలు మాటిమాటికి త్రోసివేయుచుండిరి. కావున 1874 ఏప్రిల్ నెలలో వీరు తమంతట తాము ఒక ఫోటోగ్రాఫరు విడిచిన మేడలో ప్రదర్శనము తెఱచిరి. మోనే వ్రాసిన సూర్యోదయపు పటము పేరును పట్టుకొని ఒక పత్రికా విమర్శకుడు వీరికి ఇంప్రెషనిస్టులని వెక్కిరింపు పేరు పెట్టెను. ఆ వెక్కిరింపే వారి బిరుదమై నిలిచెను. 1875లో వీరు పటములను వేలము వేయించినప్పుడు జనులు గోలచేసి ఎగతాళి చేయగా పోలీసువారు రావలసివచ్చెను.

అట్టి కాలమున, 1876 వేసవియందు, రెన్వార్ తన రెండు గొప్ప జనసమూహ చిత్రములలో మొదటిదానికి పూనుకొనెను. పారిసు నగరమున మోమార్త్రు అను గుట్టమీద పాత గాలిమరలు ఉండెను. వానిలో ఒకదాని చెంత గలెట్టులను రొట్టెలను అమ్ముచుండుటచే ఆ స్థలమునకు గలెట్టు మర యని పేరు. ఆదివారము మధ్యాహ్నము మొదలు అక్కడి తోటలో వాద్యములు మ్రోగును. కుట్టుపని పిల్లలు, చాకలి పని చేయు పడుచులు, గుమాస్తాలు వారమంతయు పడిన శ్రమను మఱచి అక్కడ ఆడి పాడి తిని త్రాగుదురు. ఆదివారమును అట్లు గడుపుట మన మిషను పెద్దలకు సమ్మతము కాదని మేమెఱుగుదుము. రెన్వార్ వారికి బోధ చేయుటకు పోలేదు, వారిని చూచి నవ్వుటకును పోలేదు. దగ్గఱనే ఒక పాత యిల్లు అద్దెకు పుచ్చుకొని, స్నేహితుల సాయముతో ఆ పెద్దపటమును దినదినము తోటకు మోయించుకొని పోయి వ్రాసెను. నాలుగడుగులకు పైబడిన ఎత్తు, ఆఱడుగులకు కొంచెము తక్కువైన వెడల్పు గల పటమది. గాలి వీచినపుడు తెరచాపవలె లేచుచుండెనట.

ఆ పటమందలి చెట్టునీడను విద్యార్థులు గమనింపవలెను. నీడ నల్లన యని మనమందఱము అనుకొందుము. రెన్వార్ నీడను నీలముగను ఊదాగను వ్రాసి, ఆకుల సందులగుండ పడు ఎండను గుండ్రని మచ్చలుగా మనుష్యుల వీపులమీదను టోపీలమీదను చల్లెను. అది చూచి ఆనాటివారు నవ్విరి. చింతచెట్టు క్రింద మిట్టమధ్యాహ్నము కూర్చుండి తెల్లచొక్కామీద పడు వెలుగును చూచినవారు ఆ నవ్వులో పాలుపంచుకొనరు. ఆ పటమున నృత్యము చేయుచున్న మార్గో అను పేదపిల్ల మూడేండ్లకే వ్యాధిచే మరణించెను. ఆమెను బ్రదికింపుటకు రెన్వార్ వైద్యులను ప్రార్థించి తిరిగెను. ఆ గుట్టమీది పనికత్తెల పసిబిడ్డలు చూచువారు లేక చచ్చుచుండుటకు వగచి, వారికై శిశుసంరక్షణశాల నొకదానిని పెట్టింపవలెనని అతడు పాటుపడినట్లు ఆయన కుమారుడు వ్రాసిన జీవితచరిత్రమున కలదు.

ఆ 1876వ సంవత్సరమే మన దేశమున ధాత సంవత్సరము. తెలుగునాట ముసలివారు మొన్నమొన్నటివరకు చెప్పుకొనిన ధాత కరవు అప్పుడే పుట్టి 1878 వరకు పీడించెను. ఒంగోలు ఆనాడు నెల్లూరు జిల్లాలోనిదే. అక్కడి మిషను దొర క్లౌగారు బకింగుహాము కాలువలో కొన్ని మైళ్ల త్రవ్వకము కంట్రాక్టు పుచ్చుకొని, ఆకలిచే మాడిన మాదిగలకు తక్కినవారికి కూలియిచ్చి ప్రాణములు నిలిపెను. ఒకచోట ఎండమచ్చలలో నృత్యము, మఱియొకచోట ఎండిన డొక్కలు. ఇట్టికాలమున సంతోషమును చిత్రించుట సిగ్గుచేటుకాదా యని ఒక ఉపాధ్యాయుడు మాతో వాదించెను. మేము అతని మాటను త్రోసివేయలేదు. అయినను ఆ పటములోనివారును కూలివారే. వారికి వారమునకొక పూట దొరకిన తీరికను వ్రాయుట కరవును మఱచుట కాదని మా తలంపు. ఎవనికిగాని ఆకలి తీర్చుట యెందులకు? అతడు ఒకనాడు అట్లు కూర్చుండి నవ్వుటకు గదా!

1879లో షార్పాంటియే అను గ్రంథప్రచురణకర్త భార్యయొక్కయు బిడ్డలయొక్కయు పటమును వ్రాసి రెన్వార్ సర్కారు ప్రదర్శనమున పేరు సంపాదించెను. అప్పటినుండి కూటికి కొఱత తగ్గెను. 1880 ఆరంభమున సైకిలుమీదనుండి పడి కుడిచేయి విఱుగగా ఎడమచేతితో వ్రాయ నేర్చుకొనెను. చేయి నయమైన పిదప, ఆ వేసవియందే, ఈ వ్యాసమునకు మూలమైన పటమును ఆరంభించెను.

పారిసునకు పడమట, రైలుమీద సుమారు అరగంట ప్రయాణమున, సీన్ నది యొడ్డున షాటూ అను ఊరు కలదు. అక్కడ ఫూర్నేజ్ అను నతడు పడవలను అద్దెకిచ్చుచు పూటకూళ్లయిల్లు నడుపుచుండెను. ఎండకాలమున నగరవాసులు గుంపులుగా వచ్చి, పడవలు నడిపి అలసి, మిద్దె వసారాలో కూర్చుండి భోజనము చేయుదురు. రెన్వార్ ఆ యింటికి చిరపరిచితుడు. ఆ కుటుంబమువారి ముఖములను ముందే పటములుగా వ్రాసియుండెను. ఇప్పుడు ఆ వసారాలోనే పదునలుగురిని ఒక్క పటమున కూర్చవలెనని సంకల్పించెను.

పదునలుగురిని ఒక్కసారి కదలక కూర్చుండబెట్టుట ఎవరి తరము? ఒకరు వచ్చిన దినమున నొకరు రారు. వచ్చినవారు కబుర్లలో పడుదురు. ఎండ యుండినపుడు మనుష్యులు లేరు, మనుష్యులుండినపుడు మబ్బు. నెలలకొలది శ్రమపడి, ఒక్కొక్కరిని విడిగా పిలిపించుకొని, తుడిచి, మఱల వ్రాసి, ఒకరి చోట వేఱొకరిని కూర్చుండబెట్టి పూర్తిచేసెను. ఇంత పాట్లుపడి వ్రాసినదని పటమును చూచినవా డెవ్వడును అనుకొనడు. అప్పుడే ఎవరో తలుపు తీసిరి, మనము లోపలికి తొంగిచూచితిమి అన్నట్లుండును.

పైన ఎఱ్ఱచారల గుడ్డపందిరి. క్రింద తెల్లని బల్లగుడ్డ. దానిమీద భోజనశేషములు: ద్రాక్షగుత్తులు, పండ్లు, నలిగిన చేతిగుడ్డలు, సగము త్రాగిన గాజుపాత్రలు, మద్యపు సీసాలు. మద్యనిషేధమును కోరు మన పాఠకులకు ఈ సీసాలు రుచింపవు. అయినను పటములో ఉన్నవానిని లేవని వ్రాయజాలము. వెనుక నదియు, తెరచాప పడవలును, దూరమున రైలువంతెనయు కొంచెముగా కనబడును. మన సంగమువారికి ఆ నీటిమెఱుపు క్రొత్త కాదు. ఆ పటము వ్రాయబడిన దశాబ్దముననే మన యూర పెన్నానదికి అడ్డముగా ఆనకట్ట లేచినది. 2022లో దాని చెంత క్రొత్త బారేజి ప్రారంభింపబడినది. సాయంకాలమున దానిమీద నిలిచి నీటివంక చూచిన పిల్లలు, అంచున ఒకచోట తెలుపు, ఒకచోట పసుపు, నడుమ నీలము కలిసి కదలు నా మెఱుపును ఎఱుగుదురు.

ఇక మనుష్యులు. ఎడమప్రక్క కటకటాల కానుకొని నిలిచిన గడ్డిటోపీ బలశాలి హోటలు యజమాని కుమారుడు. పడవలను నీటిలో దింపుట అతని పని. కటకటాలమీద మోచేయి మోపి వినుచున్నది అతని తోబుట్టువు ఆల్ఫోన్సిన్. మనకు వీపు చూపి కూర్చున్నవాడు బార్బియే ప్రభువు. సైగాను నగరమున దొరతనపు ఉద్యోగము చేసి వచ్చినవాడు. వెనుక ఎత్తైన నల్లటోపీ పెట్టుకొనినవాడు ఎఫ్రూస్సి. ధనికులగు యూదుల వంశమున పుట్టి కళాపత్రికను నడిపినవాడు. అతనితో మాటాడుచున్నవాడు యువకవి లాఫోర్గు అందురు. చెవులు మూసికొన్నట్లు చేతులెత్తినది సమారి యను ప్రసిద్ధ నటి. కుడివైపున కుర్చీని త్రిప్పివేసి కూర్చున్నవాడు కాయ్‌బోట్. ధనవంతుడు, చిత్రకారుడు, పడవల తయారీలోను నేర్పరి. ఎదుట పూలటోపీ పెట్టుకొని, బల్లమీద నెక్కించుకొనిన చిన్న కుక్కను ముద్దాడునది ఆలీన్ షారిగో. ఆమె కుట్టుపని చేసికొని బ్రదుకు పల్లెటూరి పిల్ల.

ఒకే బల్ల. ప్రభువు, పడవవాడు, యూదు ధనికుడు, నటి, కవి, దర్జీపిల్ల. ఎవరి పాత్ర ఎవరిదని వేఱుగా గుర్తు పెట్టినట్లు లేదు. మా మనస్సును కట్టివేసిన సంగతి యిదియే. మన దేశమున హోటలు అనునది వచ్చినప్పుడు దానితో గోడలును వచ్చినవి. బ్రాహ్మణులకు వేఱు గది, తక్కిన సవర్ణులకు వేఱు గది. మాలమాదిగలకు వాకిలి వెలుపలనే కాఫీనీళ్లు, అవియు వేఱు గ్లాసులలో, త్రాగినవాడే దానిని కడిగి బోర్లించి పోవలెను. 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము, దుకాణములలోనికిని హోటళ్లలోనికిని భోజనశాలలలోనికిని ప్రవేశించుటకు మతము, జాతి, కులము మొదలగునవి అడ్డు కారాదని పదునైదవ అధికరణమున శాసించినది. తరువాతను రెండు గ్లాసుల పద్ధతి చాలకాలము పల్లెల కాఫీదుకాణములను విడువలేదు. మన పాఠశాలలో చదివించుకొనుచున్న తలిదండ్రులలో ఆ వాకిలిని చూచినవారు కలరు. వారు ఈ పటము నెదుట నిలిచినచో రంగులకంటె ముందు ఆ బల్లనే చూతురని మేము నమ్ముచున్నాము.

ఈ సందర్భమున అప్రియమైన సంగతి నొకదానిని దాచరాదు. కొన్నియేండ్లకు, 1894 మొదలు 1906 వరకు, డ్రైఫస్ అను యూదు సైనికోద్యోగిని అన్యాయముగా ద్రోహియని శిక్షించిన వ్యవహారము ఫ్రాన్సును రెండుగా చీల్చెను. అప్పుడు రెన్వార్ ఆ నిర్దోషి పక్షమున నిలువలేదు. యూదులను దూషించువారి పక్షమున చేరెను. ఎఫ్రూస్సిని తన పటమందు స్నేహితుల నడుమ నిలిపిన చేతిని కలిగినవాడే ఆ మాటలును ఆడెను. మంచి పటము వ్రాసినవాడు ప్రతిదినమును దానికి తగినట్లు బ్రదుకునని లేదు. మేము అతనిని ఈ విషయమున సమర్థింపము.

పటమును 1881లో ద్యురాన్ రుయెల్ అను పటముల వర్తకుడు కొనెను. ఇతడు ఎవరును కొననినాడు ఈ చిత్రకారుల పటములను కొని తాను దివాలాకు దగ్గఱపడియు వారిని నిలిపిన మహానుభావుడు. 1882లో అది ప్రదర్శింపబడెను. 1923లో డంకన్ ఫిలిప్స్ అను అమెరికనుడు దానిని లక్షయిరువదియైదువేల డాలరులకు కొని వాషింగ్టను నగరమందలి తన చిత్రశాలలో పెట్టెను.

ఆ పటము తరువాత రెన్వార్ అల్జీరియాకును ఇటలీకిని ప్రయాణము చేసెను. ఇటలీలో రాఫేలు వ్రాసిన గోడచిత్రములను చూచి, తనకు గీత గీయుటయే రాదని దిగులుపడి, కొన్నియేండ్లు తన పద్ధతిని మార్చుకొనెను. మాకు ఆ నడిమికాలపు పటములు అంతగా రుచింపవు. 1890లో అతడు ఆలీనును, కుక్కపిల్లను ముద్దాడిన ఆ దర్జీపిల్లనే, వివాహమాడెను. పియేర్, జాన్, క్లోద్ అని మువ్వురు కుమారులు.

డబ్బు వచ్చెను; దానితోపాటే రోగమును వచ్చెను. ఏబదియేండ్లు దాటిన కొలదికాలమునకే కీళ్లవాతము పట్టుకొనెను. వ్రేళ్లు వంకరలు తిరిగి అరచేతిలోనికి ముడుచుకొనిపోయెను. వెచ్చని గాలికై దక్షిణ సముద్రతీరమున కాన్యు అను గ్రామమున 1907లో ఓలివుతోట నొకదానిని కొని అక్కడ కాపురముండెను. కొంతకాలమునకు నడచుట మానవలసివచ్చెను. చక్రముల కుర్చీయే గతి. గోళ్లు అరచేతిని గాయపఱుపకుండుటకు చేతికి మెత్తని గుడ్డలు చుట్టుదురు. ప్రక్కవారు కుంచెను వ్రేళ్ల సందున పెట్టుదురు. పెట్టిన కుంచెను అతడు విడువడు. పెద్దపటములకు చేయి చాలదు గనుక గుడ్డను దొర్లెడు కఱ్ఱలకు చుట్టి, వ్రాయవలసిన భాగము తన యెదుటికి వచ్చునట్లు త్రిప్పించుకొనెడివాడు. మన మగ్గముమీద బట్టను దోనెకు చుట్టినట్లే. శిల్పములుగూడ చేయ నిచ్ఛ పుట్టినపుడు గీనో అను యువశిల్పి చేతులను తన చేతులుగా చేసికొని, తాను ప్రక్కన కూర్చుండి చెప్పి చేయించెను. ఈ ముడుచుకొనిన చేతితో వ్రాసిన పటములలో నొప్పి కనబడదు. గులాబీలు, పండ్లు, పిల్లల బుగ్గలు కనబడును.

1914లో ప్రపంచయుద్ధము వచ్చెను. పెద్దకుమారులిద్దఱును గాయపడిరి. జాను ఉన్న ఆసుపత్రికి తల్లి ప్రయాణముచేసి పోయి చూచివచ్చి, 1915 జూను నెలలో మరణించెను. ముసలివాడు ఒంటరియై కుర్చీలోనుండియే ప్రతిదినము వ్రాయుచుండెను. 1919 వేసవియందు పారిసులో అతనిని కుర్చీతో మోసికొని లూవ్రు చిత్రశాల గదులలో త్రిప్పిరి. దర్జీ కుమారుడు పడుచుతనమున అనుమతిపత్రము పుచ్చుకొని నకళ్లు వ్రాసికొనిన గదులవి. అక్కడి గోడలమీద తన పటమునుగూడ చూచుకొనెను. ఆ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన కాన్యులో కాలధర్మము నొందెను. భార్య పుట్టిన యెస్సువా గ్రామమున అతని సమాధి యున్నది.

గలెట్టు మర పటమును కొనినవాడు కాయ్‌బోటే. అతడు 1894లో చనిపోవుచు తన పటములన్నిటిని దొరతనమునకు దానము వ్రాసెను. రెన్వారే ఆ మరణశాసనమునకు నిర్వాహకుడు. అధికారులు దానమును పుచ్చుకొనుటకుగూడ సందేహించి, రెండేండ్లు తగవులాడి, కొన్నిటిని మాత్రము గ్రహించిరి. ఆ కొన్నిటిలో నిదియొకటి. ఇప్పుడు పారిసునందలి ఓర్సే చిత్రశాలలో నున్నది. దానికి రెన్వార్ వ్రాసిన చిన్న ప్రతి 1990లో న్యూయార్కు వేలమున ఏడుకోట్ల ఎనుబదియొక్క లక్షల డాలరులు పలికెను. 1875 వేలమున గోలచేసినవారి మనుమలు దానిని పత్రికలలో చదివియుందురు.

రెండవ కుమారుడు జాను చలనచిత్రములు తీసి జగత్ప్రసిద్ధుడాయెను. అతడు మన దేశమునకు వచ్చి, వంగదేశమున గంగయొడ్డున ఒక చిత్రమును తీసెను. అది 1951లో విడుదలయ్యెను. తాను ఎన్నుకొనిన ఏటిగట్లను అతడు చూచుచున్నపుడు వెంటనుండి తోడ్పడిన కలకత్తా యువకుడే తరువాత సత్యజిత్ రాయి యని లోకమెఱిగినవాడు.

ఫూర్నేజు పూటకూళ్లయిల్లు యజమాని కుటుంబముతోనే అంతరించి చాలకాలము పాడుపడియుండెను. షాటూ పురపాలకవర్గమువారు దానిని కొని బాగుచేయింపగా, 1990లో ఆ వసారాలో మఱల బల్లలు వేసి భోజనము వడ్డించిరి.